పాట కలిపిన పరిచయము

సంగీతప్రియునకు రెండు ఆకలులు కలవు. పాట వినవలెనను ఆకలి మొదటిది. విన్న పాటను గూర్చి మరియొకరితో చెప్పుకొనవలెనను ఆకలి రెండవది. మొదటిది తీరుటకు నేడు కొదువ లేదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు, ఘంటసాలవారి పద్యము, బాలమురళీకృష్ణగారి కీర్తన - కోరిన వేళ అరచేతిలోనే పలుకును. తీరనిది రెండవ ఆకలియే. ఇంటిలో నలుగురున్నను, ఆ పాటకు తల ఊపువాడు ఒక్కడైనను ఉండకపోవచ్చును.

ఈ లోటును అంతర్జాలము కొంత పూడ్చినది. ఎవరో ఒకరు పాత రికార్డు నొకదానిని పదుగురి ముందుంచుదురు. పాడినదెవరు, రాగమేది, ఏ కాలము నాటిది అను చర్చ సాగును. తెనాలిలోని విశ్రాంత ఉపాధ్యాయుడు, హైదరాబాదులోని యువ ఇంజనీరు, అమెరికాలో స్థిరపడిన గృహిణి అందులో పాల్గొందురు. నెలలు గడచును. ఒకరి రుచి మరియొకరికి బాగుగ తెలియును. ముఖము మాత్రము తెలియదు. తుదకొకనాడు, "ఒకసారి కలిసికొందమా?" అను మాట వచ్చును. అక్కడనే చాలమంది జంకుదురు. ఆ జంకు సహజమే కాని, దానికి లొంగుట తగదు.

చూడకుండ చేయు చెలిమి ఈనాటి వింత కాదు. 1952లో రేడియో సిలోనులో బినాకా గీత్‌మాలా మొదలైన తరువాత, ఆ కేంద్రమునకు ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాసి, ఝుమ్రీ తలైయా అను చిన్న ఊరి శ్రోతలు తమ ఊరి పేరును దేశమంతట వినిపించిరి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. ఆ కేంద్రపు భక్తిరంజని వినిపించు ఉదయవేళ, ఒకే కీర్తనను ఒకే క్షణమున వేలాది ఇండ్లలో వినుచుండెడివారు. కాని ఆ శ్రోతలు ఒకరినొకరు ఎరుగరు. అంతర్జాలమున ఈ స్థితి తలక్రిందులైనది. శ్రోతలు ఒకరినొకరు ఎరుగుదురు. కాని ఎవరి వేళకు వారు, చెవులకు తగిలించుకొని, ఒంటరిగ విందురు. రేడియోలో కాలము కలిసినది, మనిషి కలియలేదు. అంతర్జాలమున మనిషి కలిసెను, కాలము కలియలేదు. రెండును కలియు చోటు సభ యొక్కటే. కలిసికొనుట ఏల యను ప్రశ్నకు ఇదియే సమాధానము.

దూరపు కొండలు నునుపు, చూడకున్ననే మేలు అనువారు కలరు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. ఉత్తరములలో ధారాళముగ వ్రాయువాడు ఎదుట నోరు మెదపకపోవచ్చును. యువకుడని తలచినవాడు డెబ్బది యేండ్ల వృద్ధుడు కావచ్చును. అయినను అచ్చట భంగపడునది ఊహలోని బొమ్మయే కాని, రుచి కాదు. భారతీయ ఆలంకారికులు రసము నెరిగిన శ్రోతను సహృదయుడనిరి. ఆ పేరులో వయస్సునకుగాని, వాక్చాతుర్యమునకుగాని తావు లేదు.

అసలు చిక్కు వేరొకటి. తెలుగునాట ఇద్దరు కొత్తవారు కలిసినచో మొదట వచ్చు ప్రశ్నలు మూడు: "తమదే ఊరు? ఇంటిపేరేమి? ఏమి చేయుచుందురు?" మర్యాదగనే అడుగుదురు. కాని ఇంటిపేరు నడుగువాడు చాలసారులు తెలిసికొనగోరునది కులము. ఉద్యోగము నడుగువాడు తెలిసికొనగోరునది అంతస్తు. సంవత్సరకాలము కేవలము రుచిచేతనే ఒకరినొకరు ఎరిగినవారు, ముఖాముఖి కలిసిన అయిదు నిమిషములలో పాత కంచెలను తామే తిరిగి నాటుకొందురు. కరవదిలో పుట్టి శ్రీరంగమున స్థిరపడిన షేక్ చినమౌలానా సాహెబుగారి నాగస్వరమున త్యాగరాజ కీర్తన విని కన్నులు మూసికొని తలయూపినవాడు, పక్క కుర్చీలోని శ్రోత కులమును విచారించుట ఎంతటి విపరీతము!

కలిసినంతనే మనసులు కలియవనుటకు తిరువయ్యారే సాక్షి. త్యాగరాజు 1847లో అచ్చట సిద్ధి పొందెను. ఆయనయందు సమానభక్తి కలవారే ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో పెద్ద కట్చి, చిన్న కట్చి యని చీలి, ఆరాధనోత్సవములను వేర్వేరుగ జరిపిరి. స్త్రీలకు రెండింటను పాడుటకు చోటు లేకపోయెను. బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ సొత్తు వెచ్చించి సమాధికి గుడి కట్టించి, స్త్రీలచే పాడించిరి. 1940 ప్రాంతమున ఈ వర్గములు ఒకటైనవి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని పంచరత్న కీర్తనలను అందరును కలిసి పాడుట నేటికిని సాగుచున్నది. మాటచే చీలినవారిని గొంతు కలుపుట కలిపినది.

కనుక అంతర్జాలమున పరిచయమైన శ్రోతలు తొలిసారి హోటలులోనో ఇంటిలోనో కాక, కచేరీలోనే కలియుట మేలు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ కావచ్చును. చెన్నపట్టణమున డిసెంబరు కచేరీలు కావచ్చును. 1978 నుండి త్యాగరాజ ఉత్సవము జరుగుచున్న అమెరికాలోని క్లీవ్లాండు కావచ్చును. పదుగురు కూర్చుండు చోటు గనుక స్త్రీలకు సంకోచము తగ్గును. మాటకారి కానివానికి మాటాడవలెనను బాధ తప్పును. పైగా సభలో మనిషి తనకు తెలియకయే బయటపడును. మృదంగపు తని ఆవర్తనము మొదలు కాగానే సగము సభ కాఫీకి లేచునప్పుడు, లేవక తొడపై తాళము వేయుచు కూర్చున్నవాడెవడో తెలిసిపోవును. ఆలాపన మొదటి పలుకులకే రాగము పోల్చుకొని ఇద్దరును ఒకేసారి ఒకరివైపొకరు చూచుకొందురు. ఆ ఒక్క చూపు చెప్పినదానిని ఏడాది వ్రాతలు చెప్పలేవు.

కచేరీ ముగిసిన పిమ్మట మెట్లపై నిలిచి, ఆనాటి కల్యాణి ఎట్లున్నదో వాదించుకొనవచ్చును. అభిప్రాయములు కలియకున్నను నష్టము లేదు, ఘంటసాల, పి.బి. శ్రీనివాసుల అభిమానులు పక్కపక్కనే కూర్చుండి కాఫీ త్రాగిన దినములు ఎన్నియో కలవు. ఊరును పేరును క్రమముగ అవియే తెలియును. వాని కొరకు తొందర పడనివాడే మంచి చెలికాడు. యంత్రము పాటను ప్రతి యింటికి చేర్చినది. పాట వినువానిని మరియొక పాట వినువాని ప్రక్కకు చేర్చు పని మాత్రము మనుష్యులదే.