గాలి పందెములు – మన యాడుబిడ్డలు



యంత్రము లేని విమానములు కలవనియు, వానితో పందెములు సాగుచున్నవనియు చెప్పినచో మన యిండ్లలోని పెద్దవారు నమ్మరు. కాని అది నిజము. అట్టి విమానమునకు గ్లైడరని పేరు. పొడవైన సన్నని రెక్కలు రెండు, ఒకరో యిద్దరో కూర్చుండుటకు ఇరుకైన చోటు, అంతకుమించి అందేమియు లేదు. వేఱొక విమానము త్రాటితో దానిని పైకి లాగికొనిపోయి విడుచును. లేదా నేలమీది యంత్రము త్రాటిని వడిగా చుట్టుచు, పిల్లలు గాలిపటము నెత్తినట్లే దాని నెత్తును. త్రాడు వీడిన క్షణము మొదలుకొని అది కొంచెము కొంచెముగా క్రిందికి జారుచునే యుండును. ఆ జారుటకంటె వడిగా పైకి లేచు గాలి యెచ్చట నున్నదో వెదకి, ఆ గాలిలో గుండ్రముగా తిరుగుచు ఎత్తు సంపాదించి, ఆ యెత్తును ఖర్చుపెట్టుచు ముందునకు సాగవలయును. నెల జీతము తెచ్చి యింటి వ్యయము నడుపుట యెట్టిదో ఇదియు నట్టిదే.

ఈ విద్య గ్రద్దలకు తెలియును. మేడమీద వడియములు ఎండబెట్టి కావలి కూర్చుండిన సోదరీమణులు దీనిని పలుమారులు చూచియే యుందురు. మిట్టమధ్యాహ్నము గ్రద్ద రెక్క కదల్పకయే చుట్లు తిరుగుచు చుక్కవలె చిన్నదగువఱకు పైకి పోవును. ఎండకు కాగిన నేలపై గాలి వేడెక్కి పైకి లేచుచుండును. గ్రద్ద దానిపై సవారి చేయును.

పందెమునాడు నిర్వాహకులు ఉదయమే వాతావరణము విచారించి ఆనాటి దారి నిర్ణయింతురు. అది వందల కిలోమీటర్ల దారియైనను కావచ్చును. నిర్ణయించిన గుఱుతులను చుట్టి, బయలుదేరిన చోటికి తక్కువ కాలములో చేరినవారిది గెలుపు. ఆకాశము నిర్మలముగా నున్ననాడు ఇది వేడుక. మబ్బు క్రమ్మి ఎండ నేలకు తగులకుండిననాడు, వానజల్లు దారికి అడ్డము వచ్చిననాడు పందెపు నిజస్వరూపము బయటపడును. పైకెత్తు గాలి దొరకదు. ఎత్తు తఱుగుచుండును. అప్పుడు చేయవలసిన పని యొక్కటే: చేతిలో ఇంకను కొంత యెత్తు మిగిలియుండగనే మంచి పొలము నొకదానిని చూచుకొని దిగుట. అట్లు దిగినవారికి ఆనాడు వారు పోయిన దూరమునుబట్టి మార్కు లిత్తురు. పొలములో దిగుట పందెపు నియమములలో నున్న సంగతియే గాని అవమానము కాదు. రైతునకు నమస్కరించి, బండి వచ్చి రెక్కలు విప్పి తీసికొనిపోవువఱకు వేచియుండుట వాడుక. ఇంకొక్క కిలోమీటరు, ఇంకొక్క గుట్ట యని ఎత్తంతయు పోగొట్టుకొనినవారికి దిగుటకు పొలము కూడ దొరకదు.

స్త్రీలకు ప్రత్యేకముగా గ్లైడరు ప్రపంచ పందెములు 2001లో లిథువేనియా దేశమున మొదలైనవి. అంతకు పూర్వమే జర్మనీ దేశస్థురాలు హన్నా రైట్ష్ ఈ విద్యలో పెక్కు రికార్డులు నెలకొల్పెను. నాజీ ప్రభుత్వమునకు ఆమె చేసిన సేవ ఆమె పేరునకు మాయని మచ్చ. దానిని దాచి ఆమెను పొగడుట మాకు సమ్మతము కాదు. ఆమె 1959లో మనదేశమునకు వచ్చి నెహ్రూగారిని గ్లైడరులో కూర్చుండబెట్టుకొని ఢిల్లీ నగరముపై తిప్పెను.

విశాఖపట్టణ తీరము గ్లైడరులకు అంతగా అనుకూలము కాదు. పగటివేళ సముద్రమునుండి వీచు చల్లని గాలి తీరభూమి వేడిని అణచివేయును. నేలనుండి గాలి లేవదు. కాని అదే విద్య వేఱొక రూపమున ఇచ్చటివారికి చిరపరిచితము. తెఱచాప యనునది నిలువుగ నిలిపిన రెక్క. గ్లైడరు రెక్క గాలిని చీల్చి పైకి లేచునట్లే, తెఱచాప గాలిని చీల్చి పడవను ముందునకు లాగును. అందుచేతనే నేర్పరి యైన నావికురాలు గాలికి ఏటవాలుగ ఎదురు కూడ పోగలదు. ఈ విద్యతో భూగోళమును చుట్టివచ్చిన విశాఖ యాడుపడుచు నొకతెను గూర్చి ఇచ్చట వ్రాయదలచితిమి.

ఆమె పేరు పాతర్లపల్లి స్వాతి, భారత నౌకాదళములో అధికారిణి. విమానములకు రాకపోకల దారి చూపుట ఆమె ఉద్యోగము. 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవా రేవునుండి ‘తారిణి’ యను తెఱచాప పడవ బయలుదేరినప్పుడు అందున్న ఆర్గురు స్త్రీలలో ఆమె యొకతె. నాయకురాలు వర్తికా జోషి. తక్కినవారు ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, మన హైదరాబాదు వాసి బొడ్డపాటి ఐశ్వర్య. పడవ పొడవు 55 అడుగులు. గోవాలోనే కట్టినది. తారిణి యనగా దాటించునది. గంజాము మండలమందలి తారాతారిణి దేవి పేరు దానికి పెట్టిరి. ఉత్తరాంధ్రలో ఆ దేవిని ఎఱుగని యిల్లు అరుదు.

వారొక్కనాడు ఉబలాటపడి బయలుదేరినవారు కారు. ఒంటరిగా లోకము చుట్టివచ్చిన మొదటి భారతీయుడైన దిలీప్ దోందేగారి వద్ద శిక్షణ పొందిరి. మ్హాదేయి యను పాత పడవపై 2016లో మారిషసు ద్వీపమునకు పోయివచ్చిరి. ఆ సంవత్సరము డిసెంబరులో గోవానుండి కేపుటౌనునకు సాగిరి. ఇట్లు వేల మైళ్లు తిరిగిన పిమ్మటనే పెద్దయాత్ర. ఆ యాత్రకు నియమములు కలవు. భూమధ్యరేఖను దాటవలయును; రేఖాంశము లన్నిటిని దాటవలయును; 21,600 నాటికల్ మైళ్లకు తక్కువ కారాదు; కాలువలలోబడి దగ్గరిదారి పోరాదు; గాలియే నడుపవలయును. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిలు, న్యూజిలాండులో లిటిల్టను, ఫాక్లాండు ద్వీపములలో స్టాన్లీ, ఆఫ్రికాలో కేపుటౌను – ఈ నాలుగు రేవులలో ఆగవలెనని ఏర్పాటు.

ఇందులో మిక్కిలి కఠినమైనది లిటిల్టను నుండి స్టాన్లీ వఱకు గల దారి. 2017 డిసెంబరు 12వ తేదీన బయలుదేరి, జనవరి మూడవ వారమున దక్షిణ అమెరికా కొననున్న కేప్‌హార్ను చుట్టి, 41 దినములకు రేవు చేరిరి. మన సంక్రాంతి పండుగ వారికి నడిసముద్రముననే గడచినది. ఆ దక్షిణ సముద్రములలో గాలి నాపుటకు నేల యనునది లేదు. అది భూమి చుట్టును అడ్డులేక తిరుగుచు అలలను పెంచుకొనుచు వచ్చును. పసిఫిక్కులో వారిని పట్టిన తుపానులో గాలి వేగము 60 నాట్లకు, అనగా గంటకు 110 కిలోమీటర్లకు మించెను. అలలు 7 మీటర్ల యెత్తు లేచెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుదు తుపాను విశాఖపై పడినప్పుడు గాలి గంటకు 170 కిలోమీటర్లు దాటినది. ఆనాడు తలుపులకు అడ్డగడియలు వైచి, మంచములు ఆనించి, దీపము లేక కూర్చుండిన సోదరీమణులకు గాలి రోద యెట్టిదో మేము చెప్పవలసిన పనిలేదు. తారిణిని పట్టిన గాలి అంత తీవ్రము కాదు గాని, మనము గోడల నడుమ నుంటిమి. వారు ఎముకలు కొరుకు చలిలో, తడిసిన బట్టలతో, ఒక చిన్న పడవలో నుండిరి.

అట్టి వేళ నావికురాలు ఏమి చేయవలయును? తెఱచాపను మడిచి చిన్నది చేయును. అవసరమైనచో ఇంకను చిన్నది చేయును. వేగముపై ఆశ విడిచి, అలల దిశను చూచి చుక్కాని పట్టును. నడుమునకు త్రాడు కట్టి పడవకు తగిలించుకొనక పైకి అడుగు పెట్టదు. గాలి ముదరకముందే తెఱచాప తగ్గించుట ఈ విద్యలో మొదటి పాఠము. ముదిరిన పిమ్మట గుడ్డ చేతికి లొంగదు. గ్లైడరు నడుపువాడు ఎత్తుండగనే పొలము చూచుకొనుటయు ఇదియు నొక్కటే.

కేపుటౌను విడిచిన పిమ్మట హిందూమహాసముద్రములో తారిణికి చుక్కాని త్రిప్పు సాధనము చెడెను. ఇల్లు దగ్గరపడుచున్న సమయమది. ముందు వేసికొనిన ఏర్పాటులో లేకున్నను వారు 2018 ఏప్రిలులో మారిషసునందలి పోర్టులూయీ రేవునకు పోయి బాగుచేయించుకొని, మే 21వ తేదీన గోవా చేరిరి. మొత్తము 254 దినములు. అందు 199 దినములు నీటిపైననే. ఈ యాత్ర యంతటిలో మాకు మిక్కిలి నచ్చినది కేప్‌హార్ను కాదు, పోర్టులూయీ.

ఎందుచేత ననగా, ఇట్టి పనులకు ఆడుపిల్లలను పంపవచ్చునా యని మమ్ము అడుగువారు పెక్కురు కలరు. అపాయము లేదని మేము చెప్పము. ఉన్నది. అభిలాష్ టామీ యను మన నావికుడు 2018లో ఒంటరిగా భూగోళము చుట్టు గోల్డెన్ గ్లోబు పందెములో నుండగా, సెప్టెంబరు 21వ తేదీన తుపాను ఆయన పడవ తెఱచాప స్తంభమును విఱిచివైచెను. వెన్నెముక దెబ్బతిని కదలలేక మూడు దినములు పడియుండి, పిమ్మట ఒక ఫ్రెంచి ఓడవారిచే రక్షింపబడెను. ఆయనను చూచి, మగవాండ్రకు సముద్రమేలనని ఎవరును అనలేదు. వైద్యము చేయించుకొని మఱల 2022లో అదే పందెమునకు పోయి, 2023 ఏప్రిలు 29వ తేదీన రెండవవాడుగా చేరెను. మొదట చేరినది ఎవరనుకొన్నారు? దక్షిణాఫ్రికా దేశస్థురాలు కిర్స్‌టెన్ నాయ్‌షేఫర్. పదునార్గురు బయలుదేరిన ఆ పందెమున తుదివఱకు నిలిచి చేరినవారు మువ్వురే. దారిలో తోటి పందెగాడు తాపియో లెహ్తినెన్ పడవ మునిగిపోగా, కిర్స్‌టెన్ తన దారి విడిచి పోయి ఆయనను నీటినుండి కాపాడి, ఒక సరకుల యోడ కప్పగించి, మఱల పందెములో ప్రవేశించెను. మార్గము మార్చుటవలన ఆమె గెలుపు పోలేదు.

మన యిండ్లలో జరుగునది వేఱు. కొడుకు ఓడి వచ్చినచో “పోనిమ్మురా, మఱుసారి చూచుకొందువు” అందుము. కూతురు సగములో మరలి వచ్చినచో “మేము ముందే చెప్పితిమి కదా” అందుము. ఆ మాటతో మఱుసారి యనునది యుండదు. పరీక్ష తప్పినను అంతే, పరుగుపందెమున కాలు బెణికినను అంతే, ఉద్యోగము విడిచి వచ్చినను అంతే. ఈ సంగతి ఎఱిగిన పిల్ల గాలి ముదురుచున్నను తెఱచాప తగ్గింపదు. ఎత్తు తఱుగుచున్నను పొలము వెదకదు. ఇంటికి పోయి ఏమి చెప్పుదునని ముందునకే పోవును. సముద్రములోని అపాయమునకు మనము ఇంటినుండి కట్టి పంపు అపాయ మిది. తారిణిలోని ఆర్గురకు ఒక రేవు అదనముగా ఆగుటకు స్వేచ్ఛ కలిగెను. ఆగినందులకు ఎవరును వారి లెక్క తగ్గింపలేదు. వారి వెనుక 2024 అక్టోబరు 2వ తేదీన అదే తారిణిపై దిల్నా, రూపా యను ఇద్దరు స్త్రీలు మాత్రమే బయలుదేరి, 2025 మే నెలలో భూగోళము చుట్టి గోవాకు వచ్చిరి. ఆర్గురు చేసిన పనికి ఇద్దరు చాలిరి.

మన పిల్లలకు ఈ విద్య యెచ్చట దొరకునని అడుగుదురేమో. విశాఖలో చదువు బాలికలు ఎన్.సి.సి. నౌకాదళ శాఖలో చేరవచ్చును. తెడ్ల పడవయు తెఱచాప పడవయు నడుపుట ఆ శిక్షణలో భాగము. హైదరాబాదులో హుస్సేను సాగరముపై యాట్ క్లబ్బువారు పేదపిల్లలకు కూడ నేర్పుచున్నారు; అచ్చట పందెము వర్షకాలపు గాలులలోనే పెట్టుట విశేషము. ఆ చెఱువు చుట్టును ఎత్తైన కట్టడములు. వాని నడుమనుండి గాలి యెటు తిరిగి వచ్చునో పిల్లలు నీటిపై ముడుతలు చూచి కనుగొనవలయును. పెద్ద సముద్రమునకు పోకముందు ఇదియే మంచి బడి.

చేర్చుటకు పోయిన తల్లి అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ప్రతి బిడ్డకును సరిపోవు తేలుడు చొక్కా యున్నదా? పందెము జరుగునప్పుడు యంత్రపు పడవ తోడుగా తిరుగునా? గాలి హెచ్చినచో పందెము ఆపు అధికార మెవరిది, ఇంతకుముందు ఎన్నడైన ఆపిరా? ఈ కడపటి ప్రశ్నకు “మేము ఎన్నడును ఆపలేదు” అని గొప్పగా చెప్పు బడిలో మా బిడ్డనైతే మేము చేర్పము. ఈత రాని పిల్లకు మాత్రము మొదట ఈతయే నేర్పింపుడు. అదియు ఈతకొలనులోనే సుమా. రామకృష్ణా బీచి యలలు తీరమున నిలిచినవారినే లోనికి లాగుకొనిపోవును, అది ఈత నేర్చు చోటు కాదు.