ఫాలోవర్లు లేని కథకు

తాడేపల్లిగూడెం నుంచి మా పత్రికకు కథ పంపిన కుర్రాడు చివర్లో ఓ ముక్క రాశాడు: ‘నాకు ఫేస్‌బుక్‌లో పెద్దగా ఎవరూ లేరండీ, అయినా చూస్తారా?’ చూస్తాం బాబూ. చూసేది కథనే.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకునేవాళ్ల సంగతి వేరు. తెలుగులో కొత్తవాళ్లు చాలామంది చేస్తున్నది అదే. అచ్చయిన కట్టలు మంచం కింద మిగలకూడదంటే నలుగురికీ తెలియాలి, అందుకు ఫోన్ పనికొస్తుంది. పత్రికకు పంపేటప్పుడు మాత్రం ఆ ఫోనే అడ్డు. కథంతా ముందే ఫేస్‌బుక్ గోడ మీద పెట్టేశాక, ‘ఎక్కడా ప్రచురితం కాలేదు’ అన్న హామీపత్రం మీద సంతకం ఎలా పెడతారు?

పేరున్నా లేకున్నా నిలబెట్టేది కథే. అక్కినేని కుటుంబరావు గారి ‘కొల్లేటి జాడలు’ నవలను వసంత కన్నబిరాన్ ఇంగ్లీషులోకి తీసుకెళ్లారు. కుటుంబరావు గారికి సినిమా దర్శకుడిగా ముందే పేరుందనుకోండి. అయినా ఆ నవలకు బలం, కొల్లేరు ఎరిగిన మనిషి రాయడమే. 2006లో కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు లంక గ్రామాల్లో ఇళ్లు ఎలా గడిచాయో చెప్పే కథలు ఇంకా రావాలి. కైకలూరు, ఆకివీడు వైపు వాళ్లు రాయండి. లింకులు వద్దు, కథ పంపండి. కింద ఫోన్ నంబరు వేయడం మాత్రం మరిచిపోకండి.