బోర్డు ఎక్కని కూర

మొన్న ఏఎస్ రావు నగర్‌లో టీ తాగుతుంటే మా స్టూడెంట్ ఒకడు అడిగాడు: "సార్, చీరాల, సూర్యలంక వెళ్తున్నాం. అక్కడ అసలైన లోకల్ ఫుడ్ ఎక్కడ దొరుకుద్ది?"

కోస్తా రుచుల పేరుతో హైదరాబాద్ దాకా వచ్చిన బోర్డులు గుర్తు చేసుకోమన్నాను. రాజుగారి పులావ్ ఉంది, నాయుడుగారి బిర్యానీ ఉంది. మాలపల్లె పేరుతో, మాదిగపల్లె పేరుతో ఒక్క బోర్డు చూశావా?

చీరాల పక్కనే కారంచేడు. తాగే నీళ్లు పాడుచేయొద్దన్న దగ్గర మొదలైన గొడవ, 1985 జులై 17న ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. నీళ్ల దగ్గరే ఇంత జరిగితే, కూర దాకా ఎవరొస్తారు? గోంగూర ఎండురొయ్యలు మెనూ ఎక్కాయి. ఎండబెట్టిన పెద్దకూర తునకలు ఎక్కలేదు. మన పక్కనున్న ఉస్మానియాలోనే 2012 ఏప్రిల్‌లో బీఫ్ ఫెస్టివల్ పెడితే దాడులు జరిగాయి కదా!

అందుకే తమ్ముడూ, హోటల్ అడ్రస్ చెప్పను. ఆ పల్లెల్లో నీ క్లాస్‌మేట్ ఇల్లుందేమో కనుక్కో. పిలిస్తే వెళ్లు. వింత చూడ్డానికి కాదు, పక్కన కూర్చుని తినడానికి. తిరిగొచ్చాక బిర్యానీ గురించి చెప్పినంత గట్టిగా చెప్పు, మాదిగపల్లెలో తిన్నానని.

జై భీమ్.