ఒక గ్రౌండు, రెండు క్లబ్బులు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరిది?

ఫుట్‌బాల్, రగ్బీ క్లబ్బులు ఒకే స్టేడియం పంచుకోవడం అనగానే అందరూ గడ్డి గురించే మాట్లాడతారు. నిజమే, స్క్రమ్ములో 16 మంది తోసుకుంటే గడ్డి లేచిపోతుంది. 2022 కామన్వెల్త్ క్రీడలప్పుడు కోవెంట్రీలో మూడ్రోజుల్లో 60కి పైగా రగ్బీ సెవెన్స్ మ్యాచులు ఆడించారు. పిచ్ పాడై, కోవెంట్రీ సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆ సీజన్లో మొదటి హోమ్ మ్యాచే వాయిదా పడింది.

కానీ గడ్డికి మందుంది. ప్లాస్టిక్ పోగులు కలిపి కుట్టిన హైబ్రిడ్ పిచ్‌లు ఎప్పుడో వచ్చేశాయి. అద్దె అగ్రిమెంటుకే ఇంకా ఏ అప్‌గ్రేడూ రాలేదు :)

ఆ స్టేడియం 2005లో తెరిచినప్పుడు ఫుట్‌బాల్ క్లబ్బు అందులో అద్దెకుండేది. వాటాలు నగర కౌన్సిల్‌వీ, ఓ చారిటీవీ. జట్టు 2012లో మూడో డివిజన్‌కి పడిపోయినా అద్దె మాత్రం ఏడాదికి 10 లక్షల పౌండ్ల పైనే! గొడవ ముదిరి 2013-14లో నార్తాంప్టన్ పోయి ఆడారు. 2014లో వాస్ప్స్ అనే రగ్బీ క్లబ్బు స్టేడియాన్నే కొనేసింది. మళ్ళీ పేచీ, 2019 నుంచి రెండు సీజన్లు బర్మింగ్‌హామ్‌లో. సొంతూరి జట్టుని చూడ్డానికి పక్కూరెళ్ళాలన్నమాట. 2022లో వాస్ప్సే దివాలా తీసింది.

షేర్డ్ సర్వర్ మీద పనిచేసినవాళ్ళకి ఇది తెలిసిన బాధే. ఇద్దరు యూజర్లలో ఒకడికే అడ్మిన్ హక్కులుంటే రెండోవాడి గతి అంతే. నన్నడిగితే అద్దె డివిజన్‌ని బట్టీ, టికెట్ల రాబడిని బట్టీ మారాలి, పార్కింగులో, తిండి అమ్మకాల్లో అద్దెకున్నవాళ్ళకీ వాటా ఉండాలి.

2025 ఆగస్టులో కోవెంట్రీ సిటీ యజమాని స్టేడియం కొన్నాడు. రేపెవరైనా రగ్బీ వాళ్ళు అద్దెకి అడిగితే ఈయన ఏం రాయిస్తాడో చూడాలి.