మూడు గంటల్లోపే...

ప్రమాదాల్లో గాయపడినవాళ్లు ఎంతోమంది రక్తం ఆగకే ప్రాణాలు కోల్పోతుంటారు. నెలసరిలో అధిక రక్తస్రావానికి వాడే ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే చౌక మందు వీళ్లనూ కాపాడుతుందట. మనదేశంతో సహా 40 దేశాల్లో, 20 వేలమందికి పైగా క్షతగాత్రులపై జరిపిన ‘క్రాష్-2’ పరిశోధన 2010లో ఈ విషయం తేల్చింది. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 16 శాతం మంది చనిపోతే, అసలు మందు ఇచ్చినవాళ్లలో 14.5 శాతమే. అయితే ఒక మెలిక ఉంది. మొదటి గంటలో ఇస్తే ఎక్కువ మేలు. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు మాట అటుంచి, ముప్పు కూడా!

కాబట్టి దారిలో ఎవరైనా రక్తమోడుతూ కనిపిస్తే చుట్టూ మూగి చూస్తుండిపోకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమిపట్టండి. మందు సంగతి డాక్టర్లు చూసుకుంటారు. వాళ్లకు సమయం మిగల్చాల్సింది మనమే.