కరెంటు చికిత్స: భయపడుట కంటే తెలిసికొనుట మేలు

ఆయుర్వేద పత్రికలో కరెంటు చికిత్సను గూర్చి వ్రాయడమేమిటని పాఠకులలో కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును. సకల రోగాలకు పోపులపెట్టెలోనే మందు కలదని నమ్మువారికి ఈ వ్యాసం రుచింపకపోవచ్చును. అయినను చెప్పక తప్పదు.

నిద్ర పట్టనివారికి గోరువెచ్చని పాలు, తలకు నూనె మర్దన మంచివే. నేనును వాటినే చెప్పుచుందును. కాని మనిషి అన్నపానీయాలు మాని, ఉలుకూ పలుకూ లేక, చావు తప్ప వేరు దారి లేదని పదేపదే అనుచున్నప్పుడు, బ్రాహ్మీఘృతం గుణమిచ్చువరకు వేచి చూచుట ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుటయే.

చరకసంహిత చికిత్సాస్థానంలోని 9వ అధ్యాయం ఉన్మాదమునకు సంబంధించినది. అందులో ఘృతపానం, శోధన, ఓదార్పు మాటలతో పాటు, కోరలు తీసిన పాముతో రోగిని భయపెట్టుట వంటి తీవ్రోపాయాలు కూడా చెప్పబడినవి. తీవ్రవ్యాధికి సున్నితమైన ఉపాయాలు చాలవని మన పూర్వులు ఎరుగుదురు. అయితే నేటి విద్యుత్ చికిత్స భయపెట్టు చికిత్స కాదు. ‘షాక్’ అను పేరే అపోహకు మూలం.

1938లో రోము నగరంలో చెర్లెట్టి, బినీ అను ఇటలీ వైద్యులు దీనిని ప్రారంభించిరి. తొలిరోజులలో మత్తు లేకుండా ఇచ్చుట వలన ఎముకలు విరిగిన సందర్భాలు కలవు. సినిమాలు నేటికీ మన మనస్సులలో నిలిపినది ఆనాటి దృశ్యమే. ఇప్పుడు రోగిని ఖాళీ కడుపుతో ఉంచి, మత్తు ఇచ్చి, కండరాలు సడలించు మందు ఎక్కించి, కొద్ది సెకండ్లు మాత్రమే విద్యుత్తును ప్రసరింపజేయుదురు. మెదడులో కలుగు మూర్ఛ సాధారణంగా నిమిషం దాటదు. రోగికి ఆ సమయంలో స్పృహ ఉండదు. వారానికి 2 లేక 3 సార్లు చొప్పున మొత్తం 6 నుండి 12 సార్లు ఇచ్చుట వాడుక. తీవ్రమైన డిప్రెషన్‌లో, శరీరం కొయ్యబారిపోవు స్థితిలో ఇది మందుల కంటే త్వరగా గుణమిచ్చును.

దోషాలు లేవని నేననను. తలనొప్పి, కొంతసేపు తికమక సామాన్యం. చికిత్స జరిగిన రోజుల జ్ఞాపకాలు చెదరవచ్చును. కొందరికి కొన్ని జ్ఞాపకాలు తిరిగి రాకపోవచ్చును. తగ్గినదని మందులు మానినచో వ్యాధి తిరగబెట్టును.

కనుక అంగీకరించుటకు ముందు అడగండి. మత్తు వైద్యుడు ఉన్నారా? ఎన్నిసార్లు ఇత్తురు? జ్ఞాపకశక్తి మాటేమిటి? ఇట్లు అడుగుట రోగి హక్కు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా ఈ చికిత్స చేయుటను నిషేధించినది. మైనర్లకు సంరక్షకుల అంగీకారం, బోర్డు ముందస్తు అనుమతి లేనిదే చేయరాదు. రోగి వాడుచున్న అశ్వగంధాది చూర్ణాలు, లేహ్యాలు అన్నింటిని మత్తు వైద్యునికి తప్పక చెప్పవలెను, దాచరాదు.

మన ఇండ్లలో అసలు అడ్డంకి వేరు. ‘నలుగురికి తెలిసినచో చెల్లెలి పెండ్లి సంబంధం తప్పిపోవును’ అను సంకోచంతో రోగిని గదిలో ఉంచి, తాయెత్తులతో నెలలు గడుపుదురు. గుండెనొప్పి వచ్చినప్పుడు ఎవరును ఇట్లు ఆలోచింపరు. సంబంధం పోయినచో మరియొకటి వచ్చును. పోయిన ప్రాణం రాదు. ఇంట ఎవరైనను చావు మాట ఎత్తినచో ఆ దినమే మానసిక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. ఎక్కడికి పోవలెనో తోచనిచో 14416 నంబరులో టెలీ మానస్ వారిని సంప్రదింపవచ్చును.