గాలి టబ్బు, అమ్మ పీట

మా అమ్మ తెనాలి వెళ్లిపోయిన మర్నాడు పొద్దున బాత్రూమ్ గుమ్మంలో నిలబడి ఏడ్చినంత పని చేశాను. చంకలో ఆరు నెలలు దాటిన మావాడు. లోపల గోడకి ఆనించి ఉన్న చెక్క పీట. అమ్మ రోజూ ఆ పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, వాటి మీద వాణ్ని పడుకోబెట్టి లాలపోసేది. వాడు ఎంత గింజుకున్నా, ఒంటినిండా నూనె ఉన్నా ఒక్కసారి కూడా జారలేదు. అదే నేను కూర్చుంటే రెండు నిమిషాలకే నడుము పట్టేసేది. సిజేరియన్ అయిన ఒళ్లు కదా! పైగా వాడు చేపపిల్లలా చేతుల్లోంచి జారిపోతాడేమోనని ఒకటే భయం.

ఆ రాత్రి వాడు పడుకున్నాక ఫోన్ పట్టుకుని గాలి టబ్బుల వేటలో పడ్డాను. అదేనండీ, గాలి కొట్టి వాడే ఇన్‌ఫ్లేటబుల్ బాత్‌టబ్. మాది కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాటు. బాత్రూమ్‌లో వాషింగ్ మెషీన్ పెట్టాక మిగిలేది మూడడుగుల చోటు. గట్టి ప్లాస్టిక్ టబ్బు కొంటే దాన్ని నెత్తిన పెట్టుకోవాలి. ఇదైతే గాలి తీసి మడిచి అల్మరాలో పెట్టేయొచ్చు, ఊరెళ్తే బ్యాగులో వేసుకోవచ్చు అనుకున్నా.

ఫొటోలో పాప నవ్వు చూసి కొన్నా

మొదటిసారి నేను చూసింది రెండే: ధర, ఫొటోలో పాప నవ్వు. ప్యాకెట్ విప్పితే కొత్త రెయిన్‌కోటు వాసన. మొత్తం టబ్బుకి ఒక్కటే గాలి అర. మావారు ఊది ఊది బుగ్గలు నొప్పెట్టాక రాత్రి హాల్లో పెట్టి పడుకున్నాం. తెల్లారేసరికి అది పాత దిండులా కుంగిపోయింది. అదృష్టం, అందులో ఇంకా పిల్లాణ్ని కూర్చోబెట్టలేదు. వెంటనే రిటర్న్ పెట్టేశా.

రెండోసారి మాత్రం కళ్లు తెరిచి కొన్నాను. మీరు కొనాలనుకుంటే ఇవి చూసుకోండి. అడుగు భాగానికీ, చుట్టూ గోడకీ వేర్వేరు గాలి అరలు ఉండాలి. ఒకటి పోయినా ఇంకోటి నిలబడుతుంది. గాలి మూతలు లోపలికి నొక్కేస్తే మళ్లీ పైకి పొడుచుకు రాకూడదు. అడుగు వెడల్పుగా, గరుకుగా ఉండాలి. కొన్నింటిలో మధ్యలో చిన్న బుడిపె ఉంటుంది. పిల్లలు దానికి అటో కాలు, ఇటో కాలు వేసి కూర్చుంటే ముందుకి జారడం తగ్గుతుంది. నీళ్లు పోవడానికి కింద మూత ఉంటే టబ్బుని ఎత్తి కుమ్మరించే పని తప్పుతుంది. అతుకుల అంచులు మీ మణికట్టు లోపలి వైపు రాసి చూడండి. మీకు గీరుకుంటే వాళ్లకి ఇంకా గీరుకుంటుంది. ఈ టబ్బులు ఎక్కువగా పీవీసీతో చేస్తారు. ఆ ప్లాస్టిక్ మెత్తబడడానికి థాలేట్లు అనే రసాయనాలు వాడతారు కాబట్టి, అవి లేవని లేబుల్ మీద రాసి ఉన్నదే తీసుకోండి. ఆఖరుగా, ఆర్డర్ పెట్టే ముందు టేపుతో మీ బాత్రూమ్ కొలవండి.

అన్నిటికంటే ముఖ్యం వయసు. గాలి టబ్బు పసిగుడ్డులకి కాదు. ఆసరా లేకుండా సొంతంగా కూర్చోవడం వచ్చిన పిల్లలకే. చాలామందికి అది ఆరు నెలలకి అటూ ఇటూగా వస్తుంది. మావాడు కూర్చుంటున్నాడు కాబట్టే ధైర్యం చేశాను. బొడ్డు ఊడని పిల్లలకైతే తడిబట్టతో తుడవడమే సరిపోతుంది.

ఆ మంగళవారం

కొత్త టబ్బు వచ్చింది. ఒక రాత్రంతా ఉంచినా గాలి దిగలేదు. సబ్బునీళ్లు రాసి చూస్తే అతుకుల దగ్గర ఒక్క బుడగా రాలేదు. మావాడు అందులో కూర్చుని రెండు చేతులతో నీళ్లు కొడుతుంటే నేను ఫోన్ తీసి వీడియోలే వీడియోలు. నడుము నొప్పి లేదు, భయం లేదు. అమ్మకి కాల్ చేసి గొప్పలు కూడా పోయాను.

పదో రోజో, పదకొండో రోజో. మంగళవారం. మావారు ఆఫీసుకి వెళ్లిపోయారు. వాడు టబ్బులో ఆడుకుంటున్నాడు. డోర్‌బెల్ మోగింది. "మేడమ్, ఓటీపీ చెప్పండి" అని బయటినుంచి అరుపు. తలుపు పదడుగుల దూరం. నీళ్లు చూస్తే వాడి బొడ్డు దాకా కూడా లేవు. "ఇప్పుడే వస్తా నాన్నా" అని లేచాను. ఫోన్‌లో మెసేజ్ వెతికి, నాలుగు అంకెలు చెప్పి, ప్యాకెట్ అందుకుని వెనక్కి వచ్చాను. నిమిషం కూడా పట్టి ఉండదు.

పసుపు బాతు బొమ్మ టబ్బు చివరికి తేలిపోయింది. వాడు దానికోసం వంగి, పక్కకి ఒరిగి, నడుము జారి వెల్లకిలా అయిపోయాడు. నీళ్లు చెవులు దాటి పెదవుల అంచుకి వచ్చాయి. కళ్లు పెద్దవి చేసి పైకప్పు వైపు చూస్తున్నాడు. ఏడుపు లేదు, చప్పుడు లేదు. నేను ఇంట్లోనే ఉన్నా నాకేమీ వినపడలేదు.

లాగి గుండెకి హత్తుకున్నాక గానీ వాడు ఏడవలేదు. వాడికంటే ఎక్కువ నేను ఏడ్చాను. టబ్బు చూస్తే చక్కగా ఉంది. గాలి పోలేదు, అంచు వంగలేదు. కొనడంలో ఏ తప్పూ చేయలేదు నేను. తప్పంతా లేవడంలోనే ఉంది.

అమ్మ అడిగిన ప్రశ్న

రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను. తిడుతుందనుకున్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేను పీట మీద కూర్చున్నాక మీ నాన్న పిలిచినా ఎప్పుడైనా లేచానా?" అని అడిగింది.

లేవలేదు. ఎలా లేస్తుంది? పిల్లాడు తన కాళ్ల మీదే ఉన్నాడాయె! లేవాలంటే వాణ్ని ఎత్తుకునే లేవాలి. వాడు జారకపోవడానికి కారణం అమ్మ కాళ్ల పట్టు అనుకున్నాను ఇన్నాళ్లూ. అసలు సంగతి అది కాదు. వాడికి లాల అయ్యేదాకా అమ్మ కూడా కదలడానికి వీల్లేదు. గాలి టబ్బు నా నడుముకి విశ్రాంతి ఇచ్చింది, నా చేతులు ఖాళీ చేసింది. ఖాళీ చేతులుంటే ఎక్కడికో పోవాలనిపిస్తుంది కదా, ఫోన్ దగ్గరికో, తలుపు దగ్గరికో, స్టవ్ మీది పాల దగ్గరికో.

టీకాకి వెళ్లినప్పుడు మా పిల్లల డాక్టరుగారికి సిగ్గుపడుతూనే చెప్పాను. రెండంగుళాల నీళ్లు చాలమ్మా, ముక్కూ నోరూ మునిగితే అంతే అన్నారు. సినిమాల్లోలా చేతులు కొట్టుకోవడం, అరవడం ఉండవట. నిశ్శబ్దంగా జరిగిపోతుందట. టబ్బు కూర్చోవడానికి సాయమే గానీ, కాపలా కాదని మరీ మరీ చెప్పారు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి

ముందు అన్నీ అందుబాటులో పెట్టుకుంటాను: టవల్, సబ్బు, మగ్గు, బట్టలు. ఫోన్ బెడ్‌రూమ్‌లో ఛార్జింగ్‌కి. టబ్బులో ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్నీళ్లు పోసి చేత్తో బాగా కలుపుతాను. అడుగు అంటుకుని వేడి ఉండిపోకుండా. నీళ్ల వేడి 37, 38 డిగ్రీలుంటే చాలు. థర్మామీటర్ లేకపోయినా మోచెయ్యి ముంచితే తెలిసిపోతుంది, గోరువెచ్చగా ఉండాలంతే. గీజర్ 49 డిగ్రీలు దాటకుండా సెట్ చేశాం. నీళ్లు రెండంగుళాలకి మించి పోయను. మా టబ్బుకి అది అర బకెట్. మావాడు లోపల ఉండగా మళ్లీ వేణ్నీళ్లు కలపను.

నూనె మర్దన చేసిన రోజు టబ్బు లేదు. నూనె ఒళ్లు, తడి ప్లాస్టిక్ కలిస్తే పాకుడు మెట్టే. ఆ రోజు నేలమీద చాప వేసి, తడిబట్టతో తుడిచి సరిపెడతాను. సబ్బు కూడా ఆఖర్లోనే. ఒక చెయ్యి ఎప్పుడూ వాడి ఒంటి మీదే. ఐదు, పది నిమిషాల్లో ముగించేస్తా. రోజూ టబ్బు స్నానం ఉండాలనేం లేదు, ఈ వయసులో వారానికి మూడుసార్లు చాలని డాక్టరుగారే అన్నారు.

వీడియో కావాలా? ఇద్దరం ఉన్నప్పుడే. తీసేవాళ్లు ఒకరు, పట్టుకునేవాళ్లు ఇంకొకరు. బెల్ మోగితే మోగనివ్వండి. మరీ తప్పదంటే వాణ్ని టవల్‌లో చుట్టి ఎత్తుకునే వెళ్తాను. ప్యాకెట్ వెనక్కి పోతే రేపు మళ్లీ వస్తుంది.

వాణ్ని తుడిచి మావారికో, ఊయలకో అప్పజెప్పాక మొదటి పని నీళ్లు వదిలేయడం. టబ్బుని తుడిచి, బాల్కనీలో నీడన ఆరేస్తాను. తడిగా మడిస్తే మడతల్లో నల్లగా బూజు పడుతుంది. మా బోరు నీళ్లకైతే తెల్లటి ఉప్పు పొర కూడా. వారానికోసారి గాలి నొక్కి చూస్తా.

ఇంకో మాట. టబ్బు గురించి ఇంత జాగ్రత్తపడి, పక్కనే నిండు బకెట్ వదిలేస్తే లాభం లేదు. పాకే పిల్లలు బకెట్ పట్టుకుని నిలబడి లోపలికి తొంగిచూస్తారు. ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ కాబట్టి తలకిందులుగా పడితే లేవలేరు. మా ఇంట్లో ఇప్పుడు బకెట్లన్నీ బోర్లించే ఉంటాయి, బాత్రూమ్ తలుపు గడియ పెట్టే ఉంటుంది.

పోయిన వారం అమ్మ వచ్చింది. టబ్బుని అటూ ఇటూ నొక్కి చూసి, "బాగానే ఉందే" అంది. పక్కనే తన పాత పీట కనపడింది. దాన్ని నేను పడేయలేదు, టబ్బు పక్కన వేసుకున్నాను. దాని మీద కూర్చున్నానంటే, మావాడు నా చేతుల్లోకి వచ్చేదాకా లేవను. మొన్న మధ్యలో కుక్కర్ నాలుగు విజిల్స్ వేసింది. నేను కదల్లేదు. అమ్మే వెళ్లి స్టవ్ కట్టేసింది. ఆ రోజు పప్పు కాస్త అడుగంటింది. అయినా ఎవ్వరం ఏమీ అనుకోలేదు.